యజమాని గుమ్మంలో రొట్టెల గుట్ట

కైరవాన్ ఊరి చివరి రొట్టెల కంపెనీలో హమ్మాది లారీ తోలేవాడు. మాడిన రొట్టెల్నీ వంకరపోయినవాటినీ పనివాళ్ళు ప్లాస్టిక్ చెత్తతో కలిపి డబ్బాల్లో కూరితే, వాటిని డంపింగ్ యార్డులో పారబోసి రావడం అతని పని. కడుపు నింపిన ఆ పనే అతనికి చెడ్డపేరూ తెచ్చింది. దారిలో రొట్టెముక్క కనబడితే తీసి ముద్దుపెట్టుకుని గోడ మీద పెట్టే ఊరది. అలాంటి ఊళ్ళో రోజూ లారీడు రొట్టెలు చెత్తలో పోసేవాణ్ణి ఎవరు మెచ్చుకుంటారు?

నలభై దాటినా అతనికి పెళ్ళి కాలేదు. గొర్రెలు పెంచుకు బతికే మన్నూబియా అనే వితంతువంటే ప్రాణం. ఆవిడకీ ఇతనంటే ఇష్టమేనని ఆ గొర్రెలక్కూడా తెలుసు. కానీ పెళ్ళి మాటెత్తినప్పుడల్లా ఆవిడది ఒకటే పాట.

"రొట్టెనే చెత్తలో పారేసేవాడివి, రేపు నన్ను పారెయ్యవని నమ్మకమేంటి? నీ చేతి రొట్టె నేను తినను పో."

"పారేసేది నేను కాదు మన్నూబియా, కంపెనీ!"

"లారీ ఎత్తే మీట నొక్కేది కంపెనీయా, నువ్వా?"



యజమాని లమీన్‌గారిని చాలాసార్లు బతిమాలాడు. "రొట్టెలు విడిగా పెట్టిద్దామండీ, గొర్రెలవాళ్ళు తీసుకెళ్తారు" అంటే, "ఏరుతూ కూర్చుంటే పనెప్పుడు చేస్తారయ్యా? నువ్వు లారీ తోలు, చాలు" అనేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. ఆ డబ్బాలుండే పెరటి వైపు ఎన్నడూ తొంగిచూసిన పాపాన పోలేదు, అంతే.

ఒక గురువారం పొద్దున హమ్మాది ప్లాస్టిక్ అంతా తన చేత్తోనే ఏరేసి, లారీని తిన్నగా ఆఫీసు గుమ్మానికి వెనక్కి పెట్టి, మీట నొక్కాడు. రొట్టెలు మెట్లనిండా గుట్టగా పడ్డాయి. ఉద్యోగం ఊడుతుందని తెలుసు.

లమీన్‌గారు నిప్పు తొక్కిన కోతిలా గుమ్మంలోకొచ్చాడు. "ఏరా, మతిపోయిందా నీకు?"

"వీటిని తొక్కుకుంటూ ఇవతలికి రండి అయ్యగారూ. తొక్కగలిగితే నోరెత్తకుండా తీసుకెళ్ళి పారేస్తా. రేపట్నుంచి పనిలోకీ రాను."

లమీన్‌గారు కాలెత్తాడు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. రొట్టె మీద కాలేస్తే ఇంట్లో ముసలితల్లి గడప తొక్కనిస్తుందా? పనివాళ్ళంతా చోద్యం చూస్తున్నారు. చివరికాయన గొంతుక్కూర్చుని ఒక రొట్టె తీసి ముద్దుపెట్టుకుని, నుదుటికి ఆనించుకుని, పక్కన పెట్టాడు. తర్వాత ఇంకోటి.

"ఇలా అయితే భోజనాల వేళకి బయటపడతారు అయ్యగారూ!" అంటూ పొయ్యిల దగ్గరి ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

ఆయనకీ నవ్వాగలేదు. "నవ్వింది చాలు, వచ్చి సాయం పట్టండమ్మా!"

అందరూ ఏరితే దారి తేలింది. పక్కన పేర్చిన గుట్టను చూసి లమీన్‌గారి మొహం చిన్నబోయింది. "రోజూ ఇంత పారేస్తున్నామా? రేపట్నుంచి రొట్టెకీ చెత్తకీ దేని గంప దానికే. ఇక్కడి రొట్టె ఒక్కటి చెత్తలోకి పోయినా నీదే పూచీ, హమ్మాదీ."

ఆ సాయంత్రం ఆ రొట్టెలతో లారీ మన్నూబియా దొడ్డి ముందాగింది. గొర్రెలు ఎగబడ్డాయి. కబురు అతనికంటే ముందే చేరింది.

"యజమాని గుమ్మంలో పోశావంటగా? ఉద్యోగం పోయుంటే?"

"నీ గొర్రెలు కాసుకునేవాణ్ణి."

మన్నూబియా కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. అతను చాచిన రొట్టె అందుకుని విరిచి, సగం అతనికిచ్చి, సగం తను నోట్లో పెట్టుకుంది.

"మాడింది" అంది నములుతూ. "లోపలికి రా. ఆలివ్ నూనె ఉంది, అద్దుకు తిందాం."