నాయనమ్మ ఎర్రనీళ్లు

మొన్న మా అమ్మాయి పాత సైన్స్ ప్రోగ్రాం ఒకటి పెట్టుకుని చూస్తోంది. అందులో ప్రయోగాలు చేసి చూపించే ఆయనది గోధుమరంగు స్వెటర్, దువ్వని జుట్టు. ఆయన్ని చూడగానే గుర్తుపట్టాను. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో నా పదేళ్ల వయసులో, నాన్న టీవీలోంచి రికార్డు చేసిన ఆయన ప్రోగ్రాం క్యాసెట్లే నా లోకం. "ఎవరేం చూపించినా ముందు వాళ్ల చేతులు చూడండి" అనేవాడాయన. నేను అందరి చేతులూ చూసేవాణ్ణి.

ఆ ఏడాది చెల్లి బారసాలకి నాయనమ్మ కాకినాడ నుంచి వచ్చింది. దిష్టి తీయడానికి పళ్లెంలో పసుపునీళ్లు పోసి, తన తాంబూలం డబ్బాలోని సున్నం వేలితో కలిపింది. నీళ్లు ఎర్రబడ్డాయి. ఆమె ఎడమ గుప్పిట మూసి ఉంది. అందులో కుంకుమ దాచిందని నాకు గట్టి అనుమానం.

"ఎడమ చెయ్యి తెరువు" అన్నాను, వచ్చినవాళ్లందరి ముందూ.

"ఓరి పోలీసోడా! చూసుకో" అంటూ నవ్వి అరచెయ్యి చాపింది. అందులో ఏమీ లేదు. ఓడిపోవడం ఇష్టంలేక, "ఇందాక కుంకుమ ఉంది, నేను చూశాను" అన్నాను.

"పోన్లెండి మామ్మగారూ, ఎలా ఎర్రబడితేనేం, దిష్టి పోతే చాలు" అంది పక్కింటి ఆంటీ. అందరూ నవ్వారు. నాయనమ్మ మాత్రం నవ్వలేదు. పళ్లెం అమ్మ చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ మా ఇంట్లో ఎవరికీ దిష్టి తీయలేదు.

ఇప్పుడు తెరమీద ఆయన పసుపునీళ్లలో బట్టల సోడా కలిపాడు. నీళ్లు ఎర్రబడ్డాయి. ఈ ఎపిసోడ్ మా క్యాసెట్లలో లేదు.

"ఈజ్ ఇట్ ఎ ట్రిక్, డాడీ?" అంది మా అమ్మాయి.

"కాదమ్మా. మీ తాతమ్మ చేతిలో ఏమీ లేదు. అబద్ధం చెప్పింది నేను."