గోటి గాటు

ఇంగ్లండు ఊరు బ్రాడ్‌ఫర్డ్‌లో కాలువ పక్క ఉన్నిమిల్లులో ఐవీ సట్‌క్లిఫ్‌ను మనసారా పలకరించే మనిషి లేడు. యుద్ధానికి ముందు ఆమె కూడా వడుకుషెడ్డులో నిలబడి తెగిన పోగులు అతికినదే. తర్వాత పరిశోధన సంఘం వాళ్లు వచ్చి వర్స్‌టెడ్ అనే సన్నటి ఉన్నినూలు పరీక్షించే గది పెట్టించారు. చెయ్యి నిదానమని ఐవీని అందులోకి తీసుకున్నారు. ఆ గదిలో తేమా వేడీ మారకుండా చూస్తారు. షెడ్డులో ఆడవాళ్లు నూనె మరకలతో చెమటలు కక్కుతుంటే ఈమె తెల్లకోటు వేసుకుని నూలుపోగును యంత్రానికి తగిలించి, ఎంత లాగితే తెగుతుందో చూస్తుంది. అది చాలు, కడుపు మండడానికి.

మేనేజరు హార్‌గ్రీవ్స్‌కు కదుళ్లను ఇంకా వేగంగా తిప్పాలని బుద్ధి పుట్టింది. ఆ వేగానికి నూలు తెగకుండా ఆగితే ఒక్కో మనిషికి మరిన్ని యంత్రాలు అప్పగించి మిగతావాళ్లను ఇంటికి పంపుతాడు. తేల్చాల్సింది ఐవీ పరీక్ష.

ఆదివారం భోజనానికి అక్క మాబెల్ వచ్చింది. ఆమెదీ వడుకుషెడ్డే. పుడ్డింగు రొట్టె మీద మాంసం గ్రేవీ పోసుకుంటూనే అసలు సంగతి ఎత్తింది.

“నూలు ఆగట్లేదని చెప్పు. నిన్నెవడు అడుగుతాడు?”

“ఆగితే ఆగట్లేదని ఎలా చెప్తానక్కా?”

“నువ్వు మనమ్మ కడుపున పుట్టావా, ఆ యంత్రం కడుపునా?”

ఐవీకి పాత మంట రేగింది. షెడ్డులో తన జుట్టు యంత్రం పట్టీలో చిక్కుకున్నప్పుడు నవ్విందెవరని అడిగింది. మాబెల్ కంచం పక్కకు నెట్టేసి వెళ్లిపోయింది.

వేగం పెంచి వడికిన కండెలు గదికి వచ్చాయి. పోగులు గట్టిగా లాగకముందే తెగిపోయాయి. ఐవీకి అనుమానం వచ్చి తెగిన కొసలను భూతద్దం కింద పెట్టింది. మామూలుగా తెగిన పోగు కొస చీపురులా విడిపోతుంది. ఇక్కడ వెంట్రుకలన్నీ ఒకేచోట తెగి ఉన్నాయి. ఎవరో గోటితో గాటు పెట్టారు. ఆ కండెలన్నీ వచ్చింది మాబెల్ యంత్రం నుంచే.

కండెల మీద ఎవరిదో చెయ్యి పడిందనీ, కొత్తవి తానే దగ్గరుండి తెచ్చుకుంటాననీ ఆమె హార్‌గ్రీవ్స్‌తో చెప్పింది. ఎవరో పేరు చెప్పమన్నాడతను.

“నూలు సంగతి అడగండి సార్, చెప్తాను. మనుషుల సంగతి నాకు తెలీదు.”

“తెలీదా, చెప్పవా? అయితే నువ్వూ ఆ గుంపులోదానివే.”

కండెల కోసం ఐవీ షెడ్డులోకి వెళ్లింది. ఆ హోరులో మాట వినపడదు, పెదవులు చూసి మాట్లాడుకుంటారు. ఆమె నడిచిన దారి పొడుగునా ప్రతి పెదవి మీదా ఒకటే మాట: తొత్తు. మాబెల్ మాత్రం పెదవి కదపలేదు. పోగు అతుకుతున్నట్టు వంగి, చెల్లెలు దాటేదాకా తల ఎత్తలేదు.

కొత్త కండెల నూలు ఆగింది. ఎంత లాగాలో అంత లాగినా ఆగింది. ఐవీ అదే రాసిచ్చింది.

వేగం పెరిగింది. సగం మంది ఇంటికి పోయారు. గాటు పెట్టిందెవరో హార్‌గ్రీవ్స్ ఊహించుకున్నాడు కాబట్టి అందులో మొదటి మనిషి మాబెల్. ఐవీ కోటు మీద ఎవరో మడ్డినూనె పోశారు. క్యాంటీన్లో ఆమె కూర్చుంటే బల్ల ఖాళీ అయ్యేది. గదికి పెద్దగా ఆమెనే చెయ్యాల్సింది, హార్‌గ్రీవ్స్ బయటినుంచి మనిషిని తెచ్చాడు. ఐవీ ఇటు కళ్లనీళ్లూ పెట్టుకోలేదు, అటు బతిమాలనూ లేదు. తప్పు చేశానని ఆమె అనుకోలేదు, అలాగని నిద్ర సరిగ్గా పట్టిందీ లేదు.

కొన్నేళ్లకు మాబెల్‌కు ఊపిరితిత్తులు చెడ్డాయి. ఆ వీధిలో గడప మెట్టు తెల్లగా రుద్దకపోతే పరువు పోతుంది. ఐవీ శుక్రవారం బకెట్టు పట్టుకెళ్లి అక్క ఇంటి మెట్టు రుద్దింది. తలుపు తెరుచుకుంది. మాబెల్ దగ్గుకుంటూ మోకాళ్ల మీద కూలబడి, వీధంతా చూస్తుండగా అదే మెట్టును మళ్లీ రుద్దింది.

“నీ చెయ్యి పడ్డ మెట్టు నేను తొక్కను.”

“తొక్కకు. దూకు,” అంది ఐవీ.

పై శుక్రవారమూ అంతే. మాబెల్ లేవలేని స్థితికి వచ్చేదాకా ఆ మెట్టు వారానికి రెండుసార్లు శుభ్రమైంది.

మాబెల్ పోయాక ఐవీ ప్రార్థన జరిగిన చాపెల్ నుంచి శ్మశానం దాకా అందరికన్నా వెనక నడిచింది. ఆ తర్వాత వచ్చినవాళ్లకు హామ్ మాంసం, టీ పెట్టిన చోటికి బావ ఆమెను రమ్మనలేదు. ఆమె ఇంటికెళ్లి బఠాణీ సూపు వెచ్చబెట్టుకుని తాగింది. సోమవారం తెల్లకోటు వేసుకుని గదిలోకి వెళ్లింది.