నర్సరీ కేడెట్

ఆ రోజుల్లో నాకంటూ ఒక గొంతు ఉందన్న సంగతి మా ఇంట్లోవాళ్ళకీ, చర్చి క్వయర్‌లో నా పక్కన నిలబడే పిన్నికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. (పిన్నికి కూడా అనుమానమే. "పాడుతున్నావా, ఊరికే పెదాలు కదుపుతున్నావా?" అని పాట మధ్యలో మోచేత్తో పొడిచేది.) ఇప్పుడు రాజమండ్రిలో ఓ కాలేజీ ఆఫీసులో పనిచేస్తున్నాను. పై అంతస్తులో నా గదిలో ఫోను మాట్లాడుతుంటే కింద స్కూటర్ స్టాండులో కబుర్లు చెప్పుకునే పిల్లలు గభాలున సర్దుకుని నిలబడతారని మా అటెండరు గారు అంటారు. "మేడమ్ గారూ, తలుపు వేసుకోమంటారా అండీ?" అని ఆయన రోజూ మర్యాదగా అడగడం, నేను సిగ్గుపడి గొంతు తగ్గించడం, మళ్ళీ రెండు నిమిషాలకి మామూలే. ఆ పిల్లికూన గొంతు ఎక్కడ పోయిందో, ఈ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో అడిగినవాళ్ళకి ఆర్మీ పేరు చెప్పి ఊరుకుంటాను గానీ, అసలు సంగతి వేరే ఉంది.

మాది కడియం పక్కన ఊరు. నాన్నకి నర్సరీ. మా ఇంట్లో గట్టిగా మాట్లాడటమనేది ఎవరికీ అలవాటు లేదు. నాన్న పనివాళ్ళనీ, లారీ డ్రైవర్లనీ, మీటరు రీడింగుకి వచ్చే అబ్బాయినీ అందర్నీ "అండీ" అనేవారు. తోటలో పడి మందారాలు మేస్తున్న గేదెని సైతం "కాస్త అవతలికెళ్ళమ్మా" అని బతిమాలుకునేవారే తప్ప కర్ర ఎత్తేవారు కాదు. అమ్మ టీచరు. ఆవిడ క్లాసు ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉంటుందని హెడ్మాస్టరు గారు మెచ్చుకునేవారు. పాపం, పిల్లలు చెవులు రిక్కించుకుని కూర్చునేవారని ఆయనకి తెలియదు. అలాంటి ఇంట్లోంచి నేను ఆర్మీలో ఆఫీసరు ట్రైనింగుకి ఎంపికయ్యాను. పరుగు బాగా తీస్తాను, చదువు పర్వాలేదు, పైగా ఇంటర్వ్యూలో ఏది అడిగినా నిదానంగా, తొణక్కుండా మాట్లాడానని మార్కులు వేశారట. (అది నిదానం కాదు. నా గొంతు అంతవరకే వస్తుంది.) వార్త తెలిసిన ఆదివారం పాస్టరు గారు చర్చిలో నన్ను నిలబెట్టి ప్రార్థన చేశారు. అమ్మ ఆ వారంలో ఊళ్ళో ఒక్కర్నీ వదలకుండా ఆ సంగతి చెప్పింది. అంటే, నెమ్మదిగానే చెప్పిందనుకోండి.

అకాడమీలో మాకు డ్రిల్లు నేర్పే ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవారు. కొండ ప్రాంతం మనిషి, మీసాలు రెండు వైపులా కొడవళ్ళలా ఉండేవి. మొదటి రోజు ఒక్కొక్కర్నీ పేరు, ఊరు, నాన్న చేసే పని అడుగుతూ వచ్చారు. నా వంతు వచ్చింది. నాకొచ్చిన హిందీ అంతా టీవీ సీరియళ్ళలోది. "మా నాన్నకి నర్సరీ ఉంది సర్" అన్నాను. "చిన్నపిల్లల బడా? మంచిదే" అన్నారాయన. కాదని చెప్పాలి, కానీ మొక్కల్ని హిందీలో ఏమంటారో గుర్తుకు రాలేదు. చేత్తో మోకాలి ఎత్తు చూపించి, "చిన్న చిన్నవి సర్. మా ఇంట్లోనే పెంచుతాం. కొంచెం పెద్దవవగానే లారీల్లో ఎక్కించి ఢిల్లీ దాకా పంపి అమ్మేస్తాం" అన్నాను. ఉస్తాద్ మొహంలో రంగు మారిపోయింది. పక్కనున్న హర్యానా అమ్మాయి (తర్వాత నా రూమ్మేటు, నా పాలిటి పహిల్వాన్) పొట్ట పట్టుకుని నవ్వి, "మొక్కలు సర్, మొక్కలు!" అని అరిచి మా నాన్నని కాపాడింది. ఆ పూట నుంచి నా పేరు 'నర్సరీ'.

అంతటితో అయిందా? ఆయన ఏం చెప్పినా నా నోట్లోంచి "ఆయ్" అని వచ్చేసేది. మా వైపు అది "అలాగేనండి" అన్నమాటే కదా! ఆయనకేమో నేను మూలుగుతున్నట్టు వినిపించేది. "ఏం నర్సరీ, ఎక్కడ నొప్పి?" అని అడిగేవారు. "ఎక్కడా లేదు సర్" అనేదాన్ని. "మరి ఆయ్ ఆయ్ అంటావేం?" "ఆయ్... అనను సర్." ఓ రోజు నిజంగానే నన్ను డాక్టరు దగ్గరికి పంపారు. అక్కడ డాక్టరు గారు తమిళాయన. ఆయన ప్రశ్నకి కూడా ఆయ్ అనే జవాబు చెప్పి, పొట్ట నొక్కించుకుని, ఓ మాత్ర మింగి తిరిగొచ్చాను.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉన్నాయి గానీ, అసలు గండం వేరే వచ్చిపడింది. కేడెట్ అన్నాక తనే స్క్వాడ్‌ని నడిపించాలి. మైదానానికి ఒక చివర నిలబడి ఆర్డరు ఇస్తే రెండో చివర ఉన్నవాళ్ళకి వినపడాలి. నా వంతు రాగానే నడవమని "తేజ్ చల్" అన్నాను. దగ్గరగా ఉన్నారు కాబట్టి వినపడి కదిలారు. బూట్లు టకటకలాడిస్తూ వెళ్ళిపోతున్నారు. ఆగమని చెప్పే ఆర్డరు 'థమ్'. అన్నాను. ఎవరూ ఆగలేదు. ఇంకోసారి అన్నాను. బూట్ల చప్పుడులో అది నాకే వినపడలేదు. ఆర్డరు వినపడేదాకా ఆగకూడదు కదా, అందుకని ఆ మహాతల్లులు మైదానం దాటారు, తారు రోడ్డు దాటారు, ఆఫీసర్ల మెస్సు ముందు అప్పుడే నాటిన బంతి మళ్ళలోకి వరస తప్పకుండా నడిచి వెళ్ళిపోయారు. ముందు వరసలో ఉన్న పహిల్వాన్ గోడ దగ్గర కూడా ఆగలేదు. గోడకి ముక్కు ఆనించి అక్కడే కాళ్ళు లేపుతూ దించుతూ నిలబడింది. నేను వెనకాల పరిగెడుతూ, "ఆగండే బాబూ, ఆగండి" అని తెలుగులో ఏడుస్తున్నాను.

అందరికీ శిక్ష పడింది. మళ్ళు సరిచేసే పని ప్రత్యేకంగా నాకు ఇచ్చారు. అదొక్కటే ఆ నెలలో నేను సంతోషంగా చేసిన పని. మట్టిలో చెయ్యి పెట్టగానే ఇంటికెళ్ళినట్టు అనిపించింది. నారు సర్ది నీళ్ళు పోస్తుంటే ఉస్తాద్ వచ్చి పక్కన నిలబడ్డారు. "నీకు ఎవరిమీదా కోపం రాదా, నర్సరీ?" అని అడిగారు. నేను కాసేపు నిజాయితీగా ఆలోచించి, "రాదు సర్" అన్నాను. ఆయన మీసం తిప్పుకోవడం మానేసి నిట్టూర్చారు. సాయంత్రాలు పహిల్వాన్ నన్ను మైదానంలో నిలబెట్టి కోపం నేర్పించడానికి చూసింది. "నీ బిస్కెట్లు తినేశాను" అనేది. "పర్లేదు, ఇంకో పొట్లం ఉంది" అనేదాన్ని. గొంతు వినపడక డ్రిల్లు పరీక్షలోనూ తప్పాను. ఈసారి మా కెప్టెన్ మేడమ్ పిలిచి, సెలవుల తర్వాత చివరి అవకాశమనీ, అప్పుడూ కాకపోతే ఒక టర్ము వెనక్కి పంపేస్తామనీ చెప్పారు. నా జతవాళ్ళందరూ భుజాన నక్షత్రాలు పెట్టుకుని వెళ్ళిపోతుంటే నేను మాత్రం అక్కడే మిగిలిపోవడం, అమ్మ మళ్ళీ ఊరంతా తిరిగి ఆ కబురూ చెప్పడం కళ్ళకి కట్టింది.

సెలవులకి ఇంటికొచ్చాను. తెల్లారగానే నర్సరీలో క్రోటన్ కుండీల వరసల ముందు నిలబడి "సావధాన్" అని మొదలుపెట్టేదాన్ని. కుండీలు మటుకు చాలా క్రమశిక్షణగా ఉండేవి. తోటపనికి వచ్చే ఆడవాళ్ళు మొదట బెదిరిపోయి, తర్వాత మట్టి తట్టలతో నా వెనకాల లెఫ్ట్ రైట్ కొట్టడం మొదలుపెట్టారు. వాళ్ళకి పెద్ద మైకత్త. ఆవిడ ఇక్కడ కేక వేస్తే కాలవ అవతల తోటలో వాళ్ళు పలికేవారు, అందుకని ఆ పేరు. "అరవడానికి కూడా జీతం ఇత్తారేంటమ్మా? నాకీ సంగతి ముందే తెలిత్తే ఎప్పుడో చేరిపోదును!" అనేది. నాకు నేర్పబోయి, నా పొట్టమీద అరచెయ్యి పెట్టి అరవమంది. నాకు కితకితలు వచ్చాయి. నాన్న దూరంనుంచి చూసి, "గొంతు నొప్పెడుతుందేమో, కాసేపు కూర్చోమ్మా" అనేవారు. చుట్టుపక్కల తోటల్లో వేరే ప్రచారం మొదలైంది. పిల్ల ట్రైనింగు దెబ్బకి ఏదోలా అయిపోయింది, చెట్లతో హిందీలో మాట్లాడుతోందట అని. అది పాస్టరు గారి చెవిన పడింది. ఆయన నాకోసం ప్రార్థన చేద్దామని ఓ సాయంత్రం స్కూటరు వేసుకుని బయల్దేరారు.

ఆ సాయంత్రమే ఉత్తరాదికి వెళ్ళే లారీ లోడవుతోంది. క్లీనరు టీకి వెళ్ళాడు. డ్రైవరు హిందీ అతను, లోపల పాటలు పెట్టుకుని లారీని వెనక్కి తెస్తున్నాడు. నాన్న సరిగ్గా దాని వెనకాల, ఎత్తయిన తాటి జాతి మొక్కల సంచుల మధ్య గొంతుకూర్చుని వేళ్ళకి గోనె కడుతున్నారు. లారీ దగ్గరికొచ్చేసింది. రెండు పక్కలా మొక్కలు, తప్పుకునే దారి లేదు. నాన్న తలెత్తి చూశారు, చెయ్యి ఎత్తారు. ఎత్తి, మామూలుగా మాట్లాడే గొంతుతోనే, "డ్రైవరు గారూ, ఏవండీ, కాస్త ఆపుతారా అండీ" అన్నారు. మైకత్త అక్కడే ఉంది, కానీ పళ్ళ మధ్య పురికొస పట్టుకుని ముడి వేస్తోంది. ఆ పురికొస ఊడి రాలేదు.

నేను కుండీల వరసల అవతల ఉన్నాను. ఏం ఆలోచించానో నాకు తెలియదు. పొట్టలోంచో, కాళ్ళ కింద నేలలోంచో ఒక శబ్దం వచ్చింది. "థమ్!"

లారీ ఆగిపోయింది. నాన్న తలకీ దానికీ మధ్య జానెడు సందు. లారీ ఒక్కటే కాదు, తట్టలు మోస్తున్న ఆడవాళ్ళు ఒక కాలు ఎత్తి అలాగే ఆగిపోయారు. పక్క తోటలో మోటారు ఆపేశారు. గేటులోంచి అప్పుడే లోపలికొస్తున్న పాస్టరు గారు స్కూటరు బ్రేకు గట్టిగా నొక్కి, గులాబీ అంట్ల మీదకి ఒరిగిపోయి, "స్తోత్రం" అన్నారు. నాన్న మెల్లగా లేచి, లుంగీ దులుపుకుని, డ్రైవరు దగ్గరికెళ్ళి, "ఆపారండీ, చాలా థాంక్సండీ" అన్నారు. డ్రైవరు కిందికి దిగి రెండు చేతులూ జోడించాడు. తన కాలు దానంతట అదే బ్రేకు మీద పడిందనీ, చిన్నప్పుడు వాళ్ళ నాన్న కేకేస్తే ఇలాగే ఆగిపోయేవాడిననీ చెప్పాడు.

ఉన్నచోటే మట్టిలో కూలబడి ఏడ్చేశాను. నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు. గ్లాసుతో నీళ్ళు తెచ్చారు గానీ, నాకు ఇచ్చేలోపు సగం ఒలికిపోయాయి.

"ఎవరమ్మా అలా అరిచింది?"

"నేనే నాన్నా."

"నువ్వా?" అని నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, "గొంతు నొప్పి పుట్టిందా?" అన్నారు. ఆ మాటతో నాకు ఏడుపు ఇంకా ఎక్కువైంది. మైకత్త ఎట్టకేలకి పురికొస ఊడబీక్కుని, "అది కేకంటే!" అంది. పాస్టరు గారు మోచేతుల్లో ముళ్ళు తీసుకుంటూనే ప్రార్థన చేశారు. నాకు నయం కావాలని చేయడానికి వచ్చినాయన, దేవుడికి కృతజ్ఞత చెప్పి వెళ్ళిపోయారు.

సెలవులయ్యాక పరీక్ష. మైదానం అదే, మళ్ళలో బంతులు మాత్రం పూశాయి. స్క్వాడ్ దూరంగా వెళ్ళిపోతోంది. ఉస్తాద్ నా మొహం వైపు చూడలేక ఆకాశం చూస్తున్నారు. నేను కళ్ళు మూసుకోలేదు, కోపం తెచ్చుకోలేదు. అటు చివర మా నాన్న కూర్చుని ఉన్నారనుకున్నాను, అంతే. నా స్క్వాడ్ ఆగింది. అవతల వేరే ఉస్తాద్ నడిపిస్తున్న స్క్వాడూ ఆగింది. మెస్సు మెట్ల మీద ట్రే పట్టుకుని వెళ్తున్నాయన కూడా ఆగారు. మా ఉస్తాద్ ఆకాశంలోంచి కళ్ళు దించి చాలాసేపు నన్నే చూశారు. "ఎక్కణ్ణుంచి తెచ్చావు నర్సరీ?" అన్నారు. "ఇంటి దగ్గర్నుంచి సర్" అన్నాను. పహిల్వాన్ వరసలో కదలకూడదు కాబట్టి కదలకుండానే ఏడ్చింది.

చివరి పరేడ్‌కి అమ్మా నాన్నా వచ్చారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరు ఎదురొచ్చినా నమస్కారం పెడుతూ తిరిగారు. ఉస్తాద్ ఆయన దగ్గరికొచ్చి, మీసాల చాటున నవ్వుతూ, హిందీలో ఏదో అన్నారు. "ఏమంటున్నారమ్మా?" అని నాన్న నన్ను అడిగారు. "మీ అమ్మాయి సింహం అంటున్నారు నాన్నా" అన్నాను సిగ్గుగా. నాన్న కంగారుపడిపోయి, ఉస్తాద్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "అయ్యో, ఇంటి దగ్గర అలా ఉండదండీ, చాలా నెమ్మదండీ" అన్నారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఉస్తాద్ గంభీరంగా తలూపి సెల్యూట్ కొట్టారు.

ఆర్మీలో నా సర్వీసు అయిపోయి ఇంటికొచ్చి చాలాకాలమైంది. గొంతు మాత్రం నాతోపాటు రిటైరవలేదు. బ్యాంకులో కౌంటరు దగ్గర మెల్లగా అడుగుదామనుకుంటాను, హాలంతా వెనక్కి తిరుగుతుంది. క్వయర్‌లో పిన్ని ఇప్పుడు నాకు రెండు వరసలు ముందుకి జరిగి నిలబడుతోంది. ఎప్పుడైనా ఇంట్లో ఎవరూ లేనప్పుడు, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే, ఉన్నట్టుండి ఆ పాత గొంతు వస్తుంది. నా పెదాల దగ్గరే ఆగిపోయే, నాకే సరిగ్గా వినపడని ఆ చిన్న గొంతు. కళ్ళు తెరిస్తే పోతుందేమోనని కాసేపు అలాగే ఉండిపోతాను. దేవుడు ఆ పిల్ల మాటలు వినడానికి ఎంత వంగి కూర్చునేవాడో అనుకుంటే నవ్వొస్తుంది.