తెలుగు జడ, హిందీ జడ్

ఇందులో ప్రతి ముక్కా నిజం. నా నోటి సంగతి తెలిసిన మా రైల్వే కాలనీ తెలుగువాళ్ళు ఈ మాటకే నవ్వుతారు. అందుకని ముందే ఒట్టు వేస్తున్నాను: రాయపూర్ ఆఫీసులో ఇన్నేళ్ళుగా నేను కూర్చుంటున్న కుర్చీ మీద ఒట్టు. నాకు అన్నం పెట్టింది అదే.

రాయపూర్‌లోనే మోవా పేటలో మేం అద్దెకున్న ఇంట్లో నా భార్య ఒక మాల్టీస్ కుక్కను పెంచింది. తెల్లటి కుక్క, రెండు చేతుల్లో ఇమిడేంత ఉంటుంది. ఒంటి మీద పట్టులాంటి జుట్టు నేల దాకా జారేది. ముఖమెటో తోకెటో తెలియక మా పాలవాడు ఒకసారి వెనకవైపు బిస్కెట్ పెట్టి, తినడం లేదేమని బెంగపడ్డాడు.

ఆ జుట్టు ఊరికే రాలేదు. పొడిగా ఉన్నప్పుడు దువ్వితే తెగుతుంది. నీళ్ళలో కాస్త కండిషనర్ కలిపి తుంపరగా చల్లి, అడుగు పొర నుంచి పైకి పాయలు పాయలుగా దువ్వాలి. తరవాత ఒక్కో పాయనూ చిన్న గుడ్డలో మడిచి, పొట్లం కట్టి, రబ్బరు బ్యాండు వెయ్యాలి. రెండు మూడు రోజులకోసారి అన్నీ విప్పి మళ్ళీ కట్టాలి. మొదట్లో వాడిన కాగితం చిరిగిపోతోందని ఆవిడ పండరీ బజారులో బట్టల దుకాణాలకు వెళ్ళి మల్మల్ గుడ్డ ముక్కలు అడిగి తెచ్చేది. చీర కొనకుండా ముక్కలడిగే మనిషిని చూసి, బొమ్మకా అని సేఠ్‌లు అడిగితే, అవును బొమ్మకే అనేది.

మూడేళ్ళు అలా పెంచింది. ఆ చలికాలం మా ఊళ్ళో జరిగే కుక్కల పోటీలో దాన్ని రింగులో నడిపించాలి. ఆవిడ కోరిక అదొక్కటే. పోటీకి నెల ముందు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మూతి కాస్త పక్కకు పోయింది. మాట మాత్రం మిగిలింది.

ఆసుపత్రి మంచం మీద నుంచి రోజూ అదే గొడవ.

"ఏటండీ, పొట్లాలు విప్పారా?"

"విప్పాను."

"మళ్ళీ కట్టారా?"

"కట్టాను."

"చెవుల ఎనకాల చూసేరా? చిక్కు అక్కడే పడుద్ది."

"చూశానే తల్లీ."

"రింగులో మీరే నడిపించండి. నేను కుర్చీలో కూచుని చూస్తాను. బస్, అంతే."

ఆవిడ ఇంటికి వచ్చే ముందురోజు, కుక్క నెత్తి మీది చిన్న జడ కొసలు సమం చేయిద్దామని దాన్ని ఒక దుకాణానికి తీసుకెళ్ళాను. కుక్కల జుట్టు కత్తిరించే ఆయనతో, నాకున్న హిందీలో "ఇస్కా జడ్ ఠీక్ సే కాటో" అన్నాను, దీని జడ సరిగ్గా కత్తిరించమని. మన జడను హిందీలో చోటీ అనాలని ఆ క్షణాన తట్టలేదు. హిందీలో జడ్ అంటే మొదలు, వేరు. "జడ్ సే?" అని ఆయన రెండుసార్లు అడిగాడు. "హా, జడ్ సే" అని దర్జాగా చెప్పి టీ తాగడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి బల్ల మీద ఒలిచిన తేగలాంటిదేదో నిలబడి నన్ను చూస్తోంది.

మర్నాడు ఆటో దిగి, నా భుజం పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన మనిషి ఆగిపోయింది.

"ఏటిది?"

చెప్పాను. జడ్ సే దాకా వచ్చేసరికి ఆవిడకు నవ్వొచ్చింది. మూతి ఒక పక్కే నవ్వింది. "ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి చోటీ అన్న ముక్క రాలేదేటి నాయనా మీకు" అని కళ్ళు తుడుచుకుంది. కుక్కను ఒళ్ళో పెట్టమంది. ఎడమచేత్తో దాని వీపు మెల్లగా తడిమింది.

"మిషను పెట్టినట్టు లేదే. మెట్లు మెట్లుగా ఉంది."

"మధ్యలో కరెంటు పోయిందట."

ఆవిడ వేలితో ఆ మెట్లు ఒక్కొక్కటే తడిమింది. "మళ్ళీ మూడేళ్ళు" అంది, అంతే.

ఆ తరవాత చూడడానికి ఎవరొచ్చినా నా చేత ఆ కథ చెప్పించేది. "జడ్ సే అని ఎలాగన్నారో అనండి, ఓసారి" అని మధ్యలో అందించేది. ఆ వానాకాలంలో రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి మాట కూడా మిగల్లేదు. నాలుగో రోజున పోయింది. కుక్క జుట్టు అప్పటికి జానెడు కూడా పెరగలేదు.

ఇప్పుడు ఒట్టు వెనక్కి తీసుకోవాలి. దుకాణం లేదు. కత్తిరించిన మనిషి లేడు. జడ్ అన్న మాట నా నోట రానే లేదు. నాకు హిందీ బాగానే వచ్చు.

ఆవిడ ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ నేను ఒక్క పొట్లమూ విప్పలేదు. అవే ఊడిపోయాయి. కుక్క మేడ మీద తిరిగి, ఫ్యాక్టరీల నుంచి వచ్చి పడే నల్లపొడి ఒళ్ళంతా పూసుకుంది. రేపు ఆవిడ వస్తోందనగా కంగారుపడి, చిక్కు తియ్యకుండానే నీళ్ళు పోసి రుద్దాను. ముందు చిక్కు తీసి తరవాతే స్నానం చేయించాలని ఆవిడ నాకు వందసార్లు చెప్పింది. తడిసిన చిక్కులు ఆరి కంబళిలా బిగుసుకున్నాయి. దువ్వెన దిగలేదు. ఆవిడ కుట్టుకత్తెర తెచ్చి, మధ్యాహ్నమంతా మేడ మీద కూర్చుని నేనే కత్తిరించాను.

పోటీ కోసం ఆవిడ దానికి కదలకుండా నిలబడడం నేర్పింది. నేను కత్తెర వేసినంతసేపూ తల ఎత్తి, నాలుగు కాళ్ళూ సమంగా పెట్టుకుని, అలాగే నిలబడింది.