అచ్చెన్న మేస్త్రీ ఇచ్చిన సెలవులు

రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోసే ఒక జట్టుకి అచ్చెన్న మేస్త్రీ. తెలుగు బడి కమిటీకి ఎన్నిక పెట్టినప్పుడు ఆ జట్టంతా వచ్చి ఆయనకి చేతులెత్తింది. దేనికి ఎత్తుతున్నారో కొందరికి తెలియదు. మేస్త్రీ ఎత్తమన్నాడు, ఎత్తారు. ప్రజాభిప్రాయం అంత స్పష్టంగా వెల్లడి కావడం అరుదు.

సభ్యుడి బాధ్యతలేమిటని ఆయన అధ్యక్షుడు సత్తిరాజు ప్లీడరుని అడిగాడు.

"మాస్టర్ని వెయ్యడం, తియ్యడం, బడి అద్దె చూడడం, అప్పుడప్పుడు వెళ్ళి పాఠాలెలా సాగుతున్నాయో కనుక్కోవడం."

మొదటి మూడూ అందరూ కలిసి చెయ్యవలసినవి. నాలుగోదాన్ని అచ్చెన్న ఒక్కడే భుజాన వేసుకున్నాడు.

ఆయన గుమ్మంలో కనబడగానే ఎలీజా మాస్టారు పాఠం ఆపేవాడు. పిల్లలు లేచి స్వాగతం పాడేవారు. పెద్దమనిషి బడికి వస్తే ఆ పూట సెలవివ్వడం మర్యాద. ఆ మర్యాదకి అచ్చెన్న ఏనాడూ లోటు రానివ్వలేదు. వానాకాలంలో ఓడలు తక్కువ. ఓడ లేని రోజల్లా ఆయనకి బాధ్యత గుర్తొచ్చేది.

"లెక్కలు మిగిలిపోతున్నాయండి" అని మాస్టారు ఒకసారి నసిగాడు.

"రేపు సెప్పుకుందురు గాని మాస్టారూ. పిల్లల మొకాలు సూడండి, ఎంత సంబరమో."

చివరికి దొరతనంవారి ఇన్‌స్పెక్టరు వచ్చి వాచకం తెరిపించాడు. పిల్లలు మొదటి పాఠం దాటలేకపోయారు. స్వాగతం మాత్రం తప్పు లేకుండా పాడారు.

ఆ రాత్రి అచ్చెన్న కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"ఏటి మావా, తినవేటి?" అంది భార్య దేముడమ్మ. "ఎలీజా మాస్టార్ని తీసేత్తారట గదా. ఆరి ఇంట్లో చంటిబిడ్డ కూడాను. పాపం, ఏటి సేసీసినాడో."

అచ్చెన్న నీళ్ళు తాగి లేచాడు.

మర్నాడు పొద్దున్నే చౌక్తడా పేటలో, ప్లీడరు ఆఫీసులో కమిటీ కూర్చుంది. మాస్టర్ని పిలిచి సంజాయిషీ అడిగారు.

"పాఠాలు సాగలేదండి" అన్నాడు మాస్టారు. ఎందుకు సాగలేదో చెప్పలేదు. అచ్చెన్న వైపు పొరపాటునైనా చూడలేదు. చూసి ఉంటే అచ్చెన్నకి కోపమైనా వచ్చేది. కోపం వస్తే కాస్త సుఖంగా ఉండేది.

"తీసెయ్యాలనేవారు చేతులెత్తండి" అన్నాడు ప్లీడరు.

అందరి చేతులూ లేచాయి, ఒక్కటి తప్ప.

"ఏటి మేస్త్రీ, సెయ్యి నొప్పా?" అన్నాడు పక్కనున్న సభ్యుడు మోషే.

"నొప్పి కాదు, మోషే. ఆ సెలవులన్నీ ఇచ్చినోడ్ని నాను. లెక్కలు మిగిలిపోతన్నాయని మాస్టారు సెప్పినారు, నానే ఇనలేదు. తీసీవలిస్తే నన్ను తీసీండి."

ప్లీడరు నిబంధనల పుస్తకం తిరగేశాడు. "మాస్టర్ని తియ్యడానికి నిబంధన ఉంది" అన్నాడు గంభీరంగా. "ఎన్నికైన సభ్యుణ్ణి తియ్యడానికి లేదు."

"దానికి నిబంధనెందుకండీ" అన్నాడు మోషే. "మేస్త్రీ బడికెళ్ళడం మానీతే సాలు."

ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. మాస్టారి ఉద్యోగం నిలిచింది.

బయట వాన. మాస్టారు గొడుగు తెరిచి అచ్చెన్న నెత్తిన పట్టాడు. అది ఇద్దరికీ చాలేది కాదు. మాస్టారి భుజం తడిసిపోతోంది. ఆయన నాలుగు తిట్లు తిడితే బాగుండునని అచ్చెన్నకి అనిపించింది. మాస్టారు గొడుగు ఇంకాస్త ఇటు జరిపాడు.

అచ్చెన్న దాని కిందనుంచి తప్పుకుని వానలో నిలబడ్డాడు.

"మీరెళ్ళండి మాస్టారూ. బడికి యేళయిపోతంది."