పక్కవాడి బోరుకు నా ప్రార్థన

బైబిలు మీద చెయ్యి వేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. మా సంఘంలో నన్ను నమ్మేవాళ్లు తక్కువ కాబట్టి ఈ ఒట్టు తప్పలేదు.

మాది అనంతపురం మెట్ట. శుక్రవారం సాయంత్రాలు ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థనకు కూడుకుంటాం. ఎవరి కష్టం వాళ్లే చెప్పుకోవాలి, దాని కోసం మాత్రం పక్కన కూర్చున్నవాళ్లు ప్రార్థించాలి. మా పాస్టరయ్య పెట్టిన కట్టుబాటు ఇది.

ఆ ఎండాకాలం నా చీనీ తోట, అదే బత్తాయి తోట, ఎండుముఖం పట్టింది. కొత్తగా వేయించిన బోరులో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ దుమ్ముకు గుంతకల్లులో రైలు ఆగిపోయిందట.

నా గట్టు పక్క చేను సంఘంలో కొత్తగా చేరిన ఒక తమ్ముడిది. ఆ శుక్రవారం నా పక్కనే కూర్చున్నాడు.

"అన్నా, రేపు బోరు ఏపిస్తాండా. నాకోసరం అడుగన్నా."

అతనికి నీళ్లు పడితే నేను ఊళ్లో తలెత్తుకునేదెట్లా? కళ్లు మూసుకుని, "ప్రభువా, నీ చిత్తమైతే ఇయ్యి" అన్నాను. 'నీ చిత్తమైతే' అన్నది కాస్త ఒత్తి పలికాను.

మరునాడు అతనికి నీళ్లు పడ్డాయి. రిగ్గు మీద ఉన్నవాడు గొడుగు అడిగాడు, అంత ధార!

తరువాతి శుక్రవారం అతను సాక్ష్యం చెప్పాడు. "నా గొప్పేమీ లేదప్పా. అన్న ప్రార్థన అట్లాంటిది." అందరూ స్తోత్రం అన్నారు. నా సంగతి తెలిసిన నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

అప్పటినుంచి బోరు వేయించే ప్రతివాడూ నా పక్కన చోటు కోసం తోసుకున్నాడు. నేను అడగడం, వాళ్లకు పడడం. ఇంటికొచ్చి తోటలో నిలబడితే, నా కడుపుమంట సెగకే ఇంకో నాలుగాకులు రాలేవి.

చివరికి ఒక శుక్రవారం ఆగలేకపోయాను. "అందరికీ నేను అడుగుతాండా. నాకు ఎవురప్పా అడిగేది? నా తోట పోతాండాది!"

పక్కన మళ్లీ ఆ తమ్ముడే. అతనికి ప్రార్థన సరిగా రాదు, దేవుడితో గట్టు మీద నిలబడి మాట్లాడినట్టే మాట్లాడతాడు. "నాయనా, అన్న చేన్లో నీళ్లు లేకుంటే పోనీ. నా బోరుకాడ నుంచి పైపు ఏస్తా. మా ఇంటామె ఒప్పుకునేట్టు మాత్రం నువ్వే చూడల్ల."

ఆడవాళ్ల వైపు నుంచి అతని భార్య గొంతు లేచింది. "కండ్లు మూసుకోని నా మీద చాడీలు చెప్తాండావా? పైపు ఏసుకోపో. ఆమెన్!"

పాస్టరయ్య కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఆ వారమే పైపు వచ్చింది, చెట్లు చిగురించాయి. గది తలుపు మూసుకుని ఒక్కణ్ణే మోకాళ్లూని ఉంటే నా తోట కట్టెలయ్యేది. నలుగురిలో ఏడ్చాను కాబట్టి నిలబడింది. ఆ నీళ్లు మొదటి పాదులో పడగానే నాలోని అసూయ మొత్తం కొట్టుకుపోయింది.

పై వాక్యం ఒక్కటే కల్పన. అసూయ ఎక్కడికీ పోలేదు. ఇచ్చే చెయ్యి నాది కాకుండా అతనిది ఎందుకయిందా అని, పాదులు తడిసిన ప్రతిసారీ కుళ్లుకుంటూనే ఉన్నాను.