చిన్నాయన కార్బన్ చక్రాలు

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులేమీ కావు. అప్పటికే బేగంపేట మీదుగా మెట్రో తిరుగుతోంది, మనిషికో ఫోనూ ఉంది. అయినా పెళ్లయి, ఒక పిల్ల పుట్టి, వంగితే నడుము పట్టేయడం మొదలయ్యాక మొన్నమొన్నటి సంగతిని కూడా ‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టాలనిపిస్తుంది. ఆ రోజుల్లో సికింద్రాబాదులో ఆదివారం తెల్లవారితే చాలు, బిగుతు బట్టలు తొడుక్కుని, నెత్తిన బోర్లించిన గిన్నెల్లాంటి హెల్మెట్లు పెట్టుకుని, సన్నటి సైకిళ్ల మీద జనం బారులు తీరి బొల్లారం వైపు వెళ్లేవాళ్లు. వాళ్లలో నేనూ ఒకదాన్ని. కొత్తగా ఉద్యోగంలో చేరి, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలున్న పాత రోడ్డు సైకిలు ఒకటి కొనుక్కున్నాను. అల్వాల్‌లో మా వీధి వీధంతా దాన్ని ‘ఆ పిల్ల వంకర సైకిల్’ అనేది. నేను మాత్రం దాన్ని రెండు పూటలా తుడిచేదాన్ని (ఇంట్లో గిన్నెలు తోమమంటే తలనొప్పి వచ్చేది).

మా ఆఫీసులో నాలుగు బల్లల అవతల ఒకాయన కూర్చునేవాడు. (ఇప్పుడు మా సోఫాలో కూర్చుంటున్నాడు, అందుకే పేరు చెప్పడం లేదు.) ఇద్దరం పెళ్లి చేసుకుందామనుకున్నాం. వాళ్లది భీమవరం వైపు, బొల్లారంలో ఎప్పటినుంచో ఉంటున్నారు. మేము తరతరాలుగా ఇక్కడివాళ్లం. మా నాన్నకు అబ్బాయి నచ్చాడు కానీ ఒక బెంగ పట్టుకుంది. “ఆళ్లు అటు దిక్కోళ్లు. మన మాట ఆళ్లకు, ఆళ్ల మాట మనకు కలుస్తదా? రేపు ఏదన్న తక్లీఫ్ అయితే ఏ తీరుగ మాట్లాడుకోవాలె?” అన్నాడు. అవతల వాళ్లింట్లో నాన్నగారు వార్తాపత్రిక వెనకనుంచి తల ఊపే రకం. మాటంతా అమ్మగారిది. ఆవిడ కాలేజీలో లెక్కలు చెప్పేది, పైగా ఆ వయసులో రోడ్డు సైకిలు తొక్కేది. నా గురించి కొడుకు చెప్పినదంతా విని, ఆవిడ చదువు అడగలేదట, వంట అడగలేదట. “ఆదివారం పొద్దున్న ఏం చేస్తుందిరా ఆ అమ్మాయి?” అని మాత్రం అడిగిందట. సైకిల్ తొక్కుతుందన్నాడు. “అయితే వచ్చే ఆదివారం నాతో శామీర్‌పేట చెరువు దాకా రమ్మను, చూద్దాం,” అందట.

ఇది తెలిసి మా నాన్న తల పట్టుకున్నాడు. “పెళ్లిచూపులు గిట్ల సుత ఉంటయా? ఏం కట్టుకుని పోతది పిల్ల?” అన్నాడు. హెల్మెట్ అన్నాను.

అప్పుడు రంగంలోకి దిగాడు మా నాన్న తమ్ముడు, మిల్లీమీటర్ చిన్నాయన. ఆయన ఒక వర్క్‌షాపులో తయారైన సామాను కొలతలు సరిచూసే ఉద్యోగం చేసేవాడు. జేబులో ఎప్పుడూ ఇనుప కొలకర్ర ఒకటి ఉండేది, దవడల్లాంటి రెండు కొసల మధ్య వస్తువును పట్టి వెంట్రుకంత మందాన్నీ చెప్పేది. దానితో ఆయన దోశ మందం కొలిచేవాడు, పెళ్లిపత్రిక అట్ట కొలిచేవాడు. ఒకసారి పిన్ని కొత్త గాజును కూడా కొలిచి వారం రోజులు మాటల్లేకుండా గడిపాడు. ఆయన దగ్గర ఒక జత కార్బన్ చక్రాలుండేవి, రేసు సైకిళ్లకు వేసే ఖరీదైనవి. నల్లగా నిగనిగలాడుతూ, చిటికేస్తే టంగుమనేవి. ఊరు విడిచి వెళ్లిపోతున్న ఎవరో సైకిలిస్టు దగ్గర వాటి అందం చూసి ఆగలేక కొన్నాడు. ఆయనకు సైకిలు లేదు. సైకిలు తొక్కడమూ రాదు. చక్రాలు మాత్రం పిన్ని పాత చీరలో చుట్టుకుని బీరువా మీద నిద్రపోయేవి.

“బిడ్డా, ఆ మేడం ముందల నువ్వు మామూలు చక్రాల మీద పోతే మన ఇజ్జత్ ఏంగావాలె? ఇవి ఏసుకపో,” అన్నాడు. ఆ క్షణంలో ఆయన గొంతు కూతుర్ని అత్తారింటికి పంపే తండ్రి గొంతులా ఉంది. (పంపుతున్నది నన్ను కాదు, చక్రాలను.)

నా పాత టైర్లు ఇరవై మూడు నంబరువి (నంబరంటే మిల్లీమీటర్లలో వెడల్పు), సన్నవి. అవి పాత కాలపు ఇరుకు రిమ్ములకు పుట్టినవి. చిన్నాయన చక్రాలు కొత్త తరానివి, రిమ్ము వెడల్పు. మేము ఇద్దరం చెమటలు కక్కుతూ ఆ సన్న టైర్లనే ఆ వెడల్పు రిమ్ముల మీద ఎక్కించాం. ఎక్కాయి, కానీ స్కూల్లో చదివేటప్పటి జాకెట్టును ఇప్పుడు తొడుక్కున్నట్టు అయింది వాటి పరిస్థితి. టైరు రెండు పక్కలకూ సాగిపోయి, ఎత్తు తగ్గి చదునైపోయింది. రిమ్ము అంచులు టైరుకంటే బయటికి పొడుచుకొచ్చాయి. నాకు అనుమానం వేసింది. చిన్నాయన మాత్రం నాలుగడుగులు వెనక్కి వేసి మురిసిపోయాడు. “ఎంత సన్నగున్నదో సూడు. గాలిని కోసుకుంట పోతది.”

గాలి సంగతేమో గానీ లోతుకుంట దగ్గర ఒక గుంటలో పడగానే టైరు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి, లోపలి ట్యూబుకు పాము కాటులా పక్కపక్కన రెండు బొక్కలు పడ్డాయి. సైకిలును నడిపించుకుంటూ ఇంటికొస్తే చిన్నాయన పరుగున వచ్చి రిమ్మును అరచేత్తో చుట్టూ తడిమాడు, మంచం మీంచి పడ్డ పసిపిల్లను తడిమినట్టు. నేను పడ్డానా లేదా అని అడగలేదు. (పడలేదు. కానీ అడగొచ్చు కదా.)

ఆ వారమంతా ఆయన ఫోనులో మునిగిపోయి, చివరికి తేల్చాడు. “తప్పు మనదే. వెడల్పు రిమ్ముకు వెడల్పు టైరే ఉండాలె. లేకపోతే అంచు బయటికొచ్చి దెబ్బ తింటది.” అంతవరకు నిజమే. కానీ ఆయన ఏ విషయంలోనూ మధ్యలో ఆగే మనిషి కాదు. ఏకంగా ముప్ఫై రెండు నంబరు టైర్లు పట్టుకొచ్చాడు. రిమ్ము మీద అవి బాగానే కూర్చున్నాయి. గాలి లేకుండా మెత్తగా ఉన్నప్పుడు చక్రం సైకిల్లోకి దూరింది కూడా. పంపుతో గాలి కొట్టడం మొదలుపెట్టాం. టైరు ఉబ్బింది, ఇంకా ఉబ్బింది, ఫ్రేము రెండు కడ్డీల మధ్య లావుపాటి ప్రయాణికుడు బస్సు సీట్లో ఇరుక్కున్నట్టు కూర్చుండిపోయింది. చక్రం తిరగదు, ఊడి రాదు. మళ్లీ గాలంతా తీసేస్తే గానీ విడిపించుకోలేకపోయాం. పిన్ని వాకిట్లో నిలబడి అంతా చూసి, “సైకిల్ లేనోనికి చక్రాలెందుకు అంటే ఇన్నడా,” అని లోపలికి పోయింది.

మూడో ప్రయత్నం ఇరవై ఎనిమిది నంబరు. ఈసారి చక్రం తిరిగింది. చిన్నాయన కొలకర్ర పెట్టి చూసి నివ్వెరపోయాడు. “ఇరవై ఎనిమిదని రాసి ముప్ఫై ఎట్లయితది? ఇదేం ఇమాన్ లేని టైరు.” టైరు అబద్ధం చెప్పలేదు. ఇరుకు రిమ్ము మీద ఇరవై ఎనిమిదిగా ఉండే టైరు వెడల్పు రిమ్ము మీద కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంటుంది, అందుకని ఇంకాస్త లావవుతుంది. ఆ సంగతి మాకు అప్పుడే తెలిసింది. వెనక చక్రానికీ ఫ్రేముకూ మధ్య సందులో ఆయన ఒక విజిటింగ్ కార్డు దూర్చి చూశాడు. దూరింది. “కాగితం పట్టిందంటే గాలి సుత పడతది. ఇంకేం కావాలె? నువ్వు పరేషాన్ గాకు,” అన్నాడు. మా ఇద్దరికీ గుర్తురానిది ఒక్కటే, అది వానాకాలమని.

ఆదివారం పొద్దున్నే బొల్లారం రైలు గేటు దగ్గర ఆవిడ నాకోసం నిలబడి ఉంది. నెరిసిన జడను హెల్మెట్ కిందికి దోపి, చుడీదారు కాలికి రబ్బరు బ్యాండు వేసుకుని, ఒక కాలు నేలమీద ఆన్చి. నా చక్రాలను చూసి కనుబొమలెత్తింది. “నమస్తే ఆంటీ,” అన్నాను. “ముందు నువ్వు పదమ్మా. రోడ్డు మీద గుంటొస్తే వెనకవాళ్లకు చేత్తో చూపిస్తావా, నీ దారిన నువ్వు తప్పుకుంటావా?” అంది. చూపిస్తానండీ అన్నాను. “మంచిది,” అంది. నాకు అప్పుడే పరీక్షలో సగం మార్కులు వచ్చినట్టనిపించి, దారిలో గుంట లేని చోట కూడా చెయ్యి చూపించుకుంటూ పోయాను.

హకీంపేట దాటాక చినుకులు మొదలయ్యాయి. రోడ్డు పక్క ఎర్రమట్టి తడిసి టైరుకు అంటుకుంది. విజిటింగ్ కార్డు పట్టే సందులో బురద ఎంత పడుతుంది? వెనకనుంచి కుయ్యిమని సన్నటి మూలుగు లేచింది. కాసేపటికి ఆవిడ నా పక్కకు వచ్చి, “కుక్కపిల్ల ఏదైనా మన వెంట పడిందంటావా?” అంది. “గాలి చప్పుడేమోనండీ,” అన్నాను. మూలుగు కాస్తా ఏడుపైంది. ఎంత తొక్కినా సైకిలు ముందుకు సాగదు, ఎవరో వెనక పట్టుకు లాగుతున్నట్టుంది. ఆవిడేమో పాటేదో కూనిరాగం తీస్తూ ముందుకు వెళ్లిపోతోంది. చక్రం పట్టేసిందని చెబితే, అరువు తెచ్చుకున్న చక్రాలనీ చెప్పాలి. చెప్పకపోతే ఈ పిల్లకు ఊపిరే లేదనుకుంటుంది. ఏది నయమో తేల్చుకునేలోపే, తూముకుంట దగ్గర, చక్రం పూర్తిగా బిగుసుకుపోయి నిలబడింది. నేను దిగి రోడ్డు పక్కన కూలబడ్డాను. ఏడుపొచ్చింది. నాన్న అన్న మాట గుర్తొచ్చింది, మాట కలవడం మాట అటుంచి చక్రమే కలవలేదు కదా అని.

ఆవిడ వెనక్కి తిరిగి వచ్చింది. నా దగ్గరగా వంగి, గొంతు తగ్గించి, “అమ్మా, కంగారుపడకు. ఎవడో రెయిన్‌కోటు మనిషి స్కూటర్ మీద హకీంపేట నుంచీ మన వెనకే వస్తున్నాడు. నేనున్నాను,” అంటూ సైకిలుకు తగిలించిన పంపు తీసి కర్రలా పట్టుకుంది. స్కూటరు వచ్చి మా ముందే ఆగింది. ఆవిడ పంపు ఎత్తింది. రెయిన్‌కోటు మనిషి హెల్మెట్ తీశాడు.

“రిమ్ముకు ఏం కాలే గద బిడ్డా?” అన్నాడు చిన్నాయన.

ఆ తర్వాత నేను చేసిందల్లా పరిచయం చేయడం, అంతే. మా చిన్నాన్నగారండీ, చక్రాలు ఆయనవేనండీ అన్నాను. ఆవిడ పంపు దించి, చక్రం వైపు వంగి, “వీటిమీద ఇరవై ఎనిమిది ఎక్కించారా?” అంది. అంతే, ఇద్దరూ బురదలో గొంతుక్కూర్చున్నారు. కొలకర్ర బయటికొచ్చింది.

“టైరు తప్పేం లేదు మేడం. ఈ రిమ్ముకు ఇదే కరెక్ట్. సైకిల్దే తప్పు, జాగ లేదు.”

“సైకిలు తప్పయితే సైకిలు మారుస్తారా? ఉన్నదాంట్లో పట్టేది చూసుకోవాలి గానీ. ఇరవై అయిదు వేసి చూడండి. ఈ రిమ్ము మీద అదే ఇరవై ఏడవుతుంది. అంచుతో సమానంగా కూర్చుంటుంది, చుట్టూ సందూ మిగులుతుంది.”

“ఇరవై అయిదు ఏస్తే గుంటలల్ల దెబ్బ తింటది గద.”

“నాకూ మొదట్లో ఆ భయమే ఉండేది. ముప్ఫై వేశాను. లావు టైరు అడ్డుపడి బ్రేకులు పట్టక మా గేటుకు గుద్దుకున్నాను.”

చిన్నాయన ముఖం వెలిగింది. తనలాగే ఒక చివర నుంచి ఇంకో చివరకు దూకిన మనిషిని ఆయన జీవితంలో మొదటిసారి చూస్తున్నాడు. “అట్ల గాదు వదినమ్మా, మీరు జెర ఇటు సూడుండ్రి,” అని కొలకర్రను సందులో పెట్టాడు.

“చూశానండి అన్నయ్యగారూ. మీరు పట్టుకున్నదే వంకరగా ఉంది,” అంది ఆవిడ.

నేను వాన నీళ్లు తుడుచుకోవడం ఆపేశాను. వదినమ్మ. అన్నయ్యగారు. నిశ్చితార్థం రోజున మొహమాటపడుతూ మొదలుపెట్టాల్సిన పిలుపులు తూముకుంట రోడ్డు పక్క, టైరు మీద బురద గీకుతూ వాళ్ల నోట్లోంచి వచ్చేశాయి. ఇద్దరికీ ఆ సంగతే తెలియదు. రెండు సైకిళ్లనూ పట్టుకుని నేనొక్కదాన్నే నిలబడి నవ్వుకుంటున్నాను. కాసేపాగి, “ఆంటీ, మరి నా సంగతి?” అని అడిగాను. ఆవిడ తలెత్తకుండానే, “నీ సంగతేముందమ్మా, రైలు గేటు దగ్గరే అయిపోయింది. కాస్త ఆ చక్రం పట్టుకో,” అంది.

చెరువు చూడలేదు. ఆవిడ చున్నీతో బురద తుడిచి, టైర్లలో కాస్త గాలి తగ్గించి, మెల్లగా వెనక్కి వచ్చాం. మా నాన్న గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు. “ఏమన్నదిరా ఆమె?” అని తమ్ముణ్ని అడిగాడు. చిన్నాయన రెయిన్‌కోటు విప్పుతూ, “ఇరవై అయిదు అన్నది,” అన్నాడు. నాన్న గోడకున్న కేలెండరు వైపు ఆందోళనగా చూశాడు. “ఇరవై అయిదుకా? గంత జల్ది ముహూర్తం పెడితే ఫంక్షన్ హాల్ యాడ దొరుకుతది?”

ఆ మరుసటి వారం ఇరవై అయిదు నంబరు టైర్లు వేశాం. రిమ్ము అంచూ టైరు పక్కలూ ఒకే వరసలో నిలిచాయి, చూస్తే రెండూ కలిసి పోత పోసినట్టుంది. పెళ్లికి మాత్రం హాలు దొరకడానికి చాలా నెలలే పట్టింది. ఇప్పటికీ మా అత్తగారూ చిన్నాయనా కలిస్తే మా క్షేమం రెండు ముక్కల్లో ముగించి రిమ్ముల్లోకి దిగుతారు. చిన్నాయన ఇంకా సైకిలు నేర్చుకోలేదు.

నేను మాత్రం ఇప్పుడు ఆదివారాలు పొద్దెక్కేదాకా పడుకుంటాను. సైకిలు ఎప్పుడైనా బయటికి తీస్తే కూరగాయలకే. అప్పుడప్పుడు తూముకుంట మీదుగా కారులో వెళ్తూ ఆ మలుపు దగ్గర అద్దం దించుతాను. ఒళ్లంతా ఎర్రమట్టితో, ముక్కు చీదుకుంటూ, బతుకంతా ఆ చక్రం తిరగడం మీదే ఆధారపడి ఉందని నమ్మిన ఒక బక్కపిల్ల అక్కడ కూర్చున్నట్టే ఉంటుంది. పాపం అనిపించదు నాకు. అంత చిన్న సందు కోసం అంతగా భయపడగలిగిన దాన్ని చూస్తే కొంచెం అసూయగానే ఉంటుంది. మా ఆయన, “ఎవరు అక్కడ, తెలిసినవాళ్లా?” అంటాడు. ఒకప్పుడు తెలుసులే, అని అద్దం ఎత్తేస్తాను.